దింపుడు కళ్లానికి మెయిన్ ఆపబడదు

భరణి కార్తె, మొదటి రోజు

గది వేడి ముప్పై అయిదు. వోల్టేజీ సరిగ్గా ఉంది. తాళ్లకు నూనె పట్టించాను.

ఈ పుస్తకంలో రాయాల్సింది ఇంతే. ఎర్రమల టవరు లిఫ్టు గదిలో రోజూ ఈ మూడు ముక్కలు రాసి సంతకం పెట్టాలని నియమం. పెట్టాక పేజీలో బోలెడంత చోటు మిగిలిపోతోంది. డెబ్బై రెండు అంతస్తుల్లో మనిషికి మంచమంత చోటు కూడా లేకపోతే, ఇంత ఖాళీ వదిలేయడం నాకు పాపమనిపిస్తుంది. అందుకని మిగతాది నా ఇష్టం వచ్చినట్టు రాసుకుంటాను. ఎవరైనా చదివితే అది వాళ్ల ఖర్మ.

ఇవాళ పొద్దున వచ్చి చూస్తే తలుపు సందులో చెక్క ముక్క దూర్చి ఉంది. దానంతటది మూసుకుని తాళం పడాల్సిన తలుపు నోరు తెరుచుకుని నిలబడింది. లోపల బోర్డు ముందు, పసుపు గీత గీసిన నేల మీద, ఎర్రటి మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకు నాకు తుమ్ములే తుమ్ములు. బోర్డు ముందు మూడున్నర అడుగుల నేల ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. షాకు కొడితే మనిషి వెనక్కి పడటానికైనా చోటుండాలి కదా. అలాంటి చోట మిరపకాయలు పోసిన మహాతల్లి ఎవరో అడిగి తెలుసుకోనక్కర్లేదు. డెబ్బయ్యో అంతస్తు ఈరమ్మ. కప్పు మీది నీడపందిట్లో మిరప మొక్కలు ఆమెవే.

పిలిచి తిట్టాను. ఆమె కొంగులోకి కాయలెత్తుకుంటూ, "ఏమక్కా, నీ మోటారేమన్నా తింటాదా నా మిరక్కాయల్ని?" అంది.

"మోటారు తినదు. నేను తుమ్మి బోర్డు మీద పడతా. అప్పుడు మీ ఇంట్లో ఒక్కరు గూడ కిందికి దిగరు."

"ఊరికే అర్సొద్దులే. మా కోడలు తిమ్మక్కకు నోరు చప్పగా ఉండాదంట. కడుపుతో ఉండే పిల్ల ఊరుమిండి పచ్చడి కావాలని అడిగితే నేనెట్ల కాదంటా? ఈ టవర్లో ఖాళీ నేల నీ తావనే ఉండాది మరి."

అదీ నిజమే. ఖాళీ నేల నా దగ్గరే ఉంది. దాన్ని ఖాళీగా ఉంచడమే నా ఉద్యోగం. ఇక్కడ లిఫ్టుకు పనికొచ్చే వస్తువు తప్ప ఇంకేదీ ఉండకూడదు, పని తెలిసిన మనిషి తప్ప ఇంకెవరూ రాకూడదు. పని తెలిసినవాళ్లం ఇప్పుడు ఇద్దరమే మిగిలాం, నేనూ మా ఆయన మద్దిలేటీ. ఆయన లిఫ్టు డబ్బాలో ఉంటాడు, నేను దాని నెత్తి మీద ఉంటాను. మా కాపురం ముప్పాతిక వంతు ఫోనులోనే గడిచింది.

భరణి కార్తె, చివరి వారం

గది వేడి ముప్పై ఆరు.

యాభై ఎనిమిదో అంతస్తులో ఒక ముసలాయన పోయాడు. వడదెబ్బ. బయట ఎండ సంగతి సరేసరి, ఇప్పుడు లోపలి గోడలే పెనాల్లా కాలుతున్నాయి.

టవరులో ఎవరు పోయినా లిఫ్టులోనే కిందికి పంపాలి, అడుగున పూడ్చిపెట్టే మట్టి గదులకు. మెట్లు ఎండవైపు ఉన్నాయి, పగలు రెయిలింగు మీద చెయ్యి వేస్తే తోలు ఊడి వస్తుంది. వెనకటి రోజుల్లో పాడె మోసేవాళ్లు దారి మధ్యలో దాన్ని కిందికి దించి, చచ్చినవాళ్ల చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలిచేవాళ్లు. పలుకుతారేమోనని ఆశ. దాన్నే దింపుడు కళ్లం అన్నారు. ఇక్కడ దారీ లేదు, మధ్య అసలే లేదు. అందుకని ముప్పై ఆరో అంతస్తు దగ్గర లిఫ్టు ఆపి, పాడెను అక్కడి వరండాలోకి దించి పిలుస్తారు. పిలిచినంతసేపూ నేను లిఫ్టు మెయిన్ స్విచ్చు ఆపాలి.

ఆపకపోతే ఏమవుతుందంటే, హోరు. లిఫ్టు నిలబడినా బ్లోయరు నిలబడదు. యంత్రం వేడెక్కకుండా గాలి కొట్టేది అదే. దాని హోరు తాళ్లు నడిచే బావిలోకి దిగి ప్రతి అంతస్తు వరండాలోకీ పొంగుతుంది. పక్కవాడు అరిస్తే తప్ప వినపడదు. చచ్చినవాడు పలికితే ఎంత గొంతుతో పలుకుతాడు? ఆ పలుకు వినపడాలంటే మెయిన్ ఆగాలి అన్నారు మొదట్లో వచ్చినవాళ్లు. అప్పటినుంచీ ఆచారం.

ఎర్రబల్బు వెలిగింది. పాడె దించారని గుర్తు. మెయిన్ ఆపాను. బ్లోయరు నెమ్మదించి నిలిచిపోయింది. టవరు మొత్తం ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టయింది. అంత నిశ్శబ్దంలో కింద ఒక ఆడమనిషి "నాయనా... నాయనా..." అని పిలవడం బావిలోంచి పైకి వచ్చింది. ఎవరూ పలకలేదు. ఎప్పుడు పలికారు గనక! లిఫ్టు ఫోను బ్యాటరీ మీద నడుస్తుంది. మద్దిలేటి అందులో, "అయిపాయ, ఎయ్యి మే" అన్నాడు. మెయిన్ వేశాను.

వేయగానే బోర్డులో ఫెళ్లుమని నీలం మంట లేచింది.

కృత్తిక కార్తె, మొదటి వారం

గది వేడి ముప్పై ఏడు. బోర్డు విప్పి చూశాను.

లోపల కాంటాక్టరు అని ఒకటుంటుంది. మెయిన్ వేసినప్పుడు టప్పుమని అతుక్కుని కరెంటును యంత్రానికి అందించే వెండి బిళ్లలు దానివి. మామూలుగా లిఫ్టు ఎన్నిసార్లు ఎక్కినా దిగినా వాటికి అలుపు లేదు. అతుక్కునే ఉంటాయి. మెయిన్ ఆపి మళ్లీ వేసినప్పుడు మాత్రం, ఆగిన మోటారూ బ్లోయరూ ఒక్క గుక్కలో కరెంటు లాగుతాయి. అప్పుడు బిళ్లలు కాలుతాయి. ఇదివరకు ఏడాదికి పదో పన్నెండో చావులు, పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. ఈ ఎండాకాలం వారంలోనే అంతమంది పోతున్నారు.

బిళ్లల మీద గుంటలు పడ్డాయి. ఒకదాని అంచు విరిగి రాలిపోయింది. ఆకురాయితో రుద్ది నున్నగా చేశాను గానీ, రుద్దినకొద్దీ వెండి తగ్గేదే కదా. కొత్తవి తెద్దామంటే చేసే ఊళ్లు సముద్రం కింద ఉన్నాయి. ఇవే ఆఖరి బిళ్లలు.

సాయంత్రం మద్దిలేటికి చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ, "దీనికింత ఏడుపెందుకు మే? బ్లోయరుకు ఇంకో స్విచ్చు పెట్టు. పిల్చేటప్పుడు అదొక్కటీ ఆపు" అన్నాడు.

"బ్లోయరునూ మెయిన్‌నూ ఒకదానికొకటి ముడిపెట్టిందే అందుకు. బ్లోయరు ఆగితే యంత్రానికి కరెంటే ఉండగూడదు. నల్లమల టవరోళ్లు ఆ ముడి ఇప్పిరి. ఏమాయ?"

ఆయన కిటికీ వైపు చూశాడు. మా కిటికీలోంచి నల్లమల టవరు కనిపిస్తుంది. వాళ్లూ ఇలాగే పిలుపు కోసం బ్లోయరు ఒక్కటీ ఆపేవాళ్లు. ఒకసారి ఆపి, ఏడుపుల్లో పడి, మళ్లీ వేయడం మరిచారు. యంత్రం కాలిపోయింది. నీళ్ల క్యాన్లు మెట్ల మీద మోసి మోసి మోసేవాళ్లే పడిపోయారు. ఆ టవరు దీపాలు పైనుంచి ఒక్కో అంతస్తే ఆరుతూ వచ్చాయి. ఇప్పుడు అడుగున కొన్ని మిణుకుమంటున్నాయి, అంతే.

"అయితే ఏం జేస్తావు?" అన్నాడు.

"పిలుపు మాన్పిస్తా."

"మాన్పిస్తావా?" ఆయన కంచం పక్కకు నెట్టాడు. "నువ్వు పైనుంటావు. నీకు బిళ్లలు కనపడతాయి. నాకు మొగాలు కనపడతాయి మే. మూడోసారి పిల్చిందాక ఎవురూ ఏడ్వరు, తెల్సునా నీకు? అప్పటిదాకా ఊరికే ఉంటారు, రాళ్ల మాదిరి. మూడోసారి పలకకపోతేనే ఏడుపు మొదలైతాది. అది గూడ లేకుంటే వాళ్లెట్ల ఏడ్సాల?"

నాకు కోపం వచ్చింది. ఏడవడానికి కూడా మెయిన్ ఆపాలా అని అరిచాను.

కృత్తిక కార్తె, చివరి రోజు

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

నలభై నాలుగులో ఒకామె పోయింది. పిలిచారు. పలకలేదు. మెయిన్ వేశాను. కాంటాక్టరు అతుక్కోలేదు. ఇంకోసారి వేశాను. టిక్కుమంది, వదిలేసింది. గదిలో వేడి చూస్తుండగానే పెరిగిపోతోంది. ఫోనులో మద్దిలేటి "ఏమాయ మే, ఏమాయ?" అంటున్నాడు, వెనక జనం గోల. లిఫ్టు ముప్పై ఆరు దగ్గర ఉరి వేసుకున్నట్టు వేలాడుతోంది.

మెయిన్ ఆపి, తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుని బోర్డు విప్పాను. ఆ తాళం ఉండేది అందుకే, నా చెయ్యి లోపలుండగా ఇంకెవరూ కరెంటు వేయకుండా. బిళ్లలు వాచి అడ్డం తిరిగి ఉన్నాయి. రుద్దాను, వంచాను, స్ప్రింగు కింద రేకు ముక్క పెట్టాను. నా చెమట దాని మీద పడకుండా నుదుటికి గుడ్డ కట్టుకుని పని చేశాను. మళ్లీ వేస్తే అతుక్కుంది. అతుక్కున్నాక నేల మీద కూలబడ్డాను.

ఇకమీదట ఒకసారి ఆపితే మళ్లీ అతుక్కుంటుందని నేను చెప్పలేను. అతుక్కోదనే చెప్పగలను.

రోహిణి కార్తె, మొదటి వారం

గది వేడి ముప్పై తొమ్మిది. నలభై దాటితే యంత్రాన్ని నిలపాలని నియమం. దాటనివ్వను.

రోహిణిలో రోళ్లు పగులుతాయని సామెత. రోళ్లు ఎప్పుడో పగిలాయి, ఇప్పుడు మనుషులు పగులుతున్నారు.

ముప్పై ఆరు వరండాలో పెద్దలందరినీ కూర్చోబెట్టి చెప్పాను. విరిగి రాలిన బిళ్ల అంచు తీసుకెళ్లి చూపించాను కూడా. వాళ్లలో ముఖ్యుడు కదిరప్ప, ఈరమ్మ పెనిమిటి. నన్ను అక్కా అని పిలుస్తాడు, మద్దిలేటిని బావా అంటాడు. ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంత లేదు. దీనికోసరం పోయినోళ్లను పిలవకుండా పంపమంటావా అక్కా?"

"ఇంత లేదు గాబట్టే చెప్తాండా. మిగిలిన బిళ్లలు గూడ పోతే యాభై దాటి పైనుండేవాళ్లకు నీళ్లు రావు. మీ తిమ్మక్కకు నొప్పులొస్తే ఆరో అంతస్తు ఆసుపత్రికి మెట్ల మీద దింపుతావా? బిడ్డ అడ్డం తిరిగుందని నర్సమ్మ చెప్పలా?"

"ఒగవేళ ఎవురన్నా పలికితే?"

"ఇన్నేండ్లల్లో ఎవురు పలికిరి?"

"పలకలేదు. నిజమే. అందుకని పలకరని చెప్పేకి నువ్వెవురు?"

వాదన ఎంతసేపు సాగినా అక్కడే తిరిగింది. చివరికి నేనే లేచాను. మెయిన్ ఆపే హక్కు లిఫ్టు గది మనిషిది, ఇంకెవరిదీ కాదు, అది నియమంలోనే ఉంది, నేను ఆపను అన్నాను. పైకొచ్చి రేకు మీద రంగుతో రాసి తలుపుకు కొట్టాను: దింపుడు కళ్లానికి మెయిన్ ఆపబడదు.

రాసిన రంగు తడి ఆరకముందే, ఈ మాట ఎవరి ఇంటి మీద మొదట పడుతుందో అని భయం పట్టుకుంది.

రోహిణి కార్తె, ఆరో రోజు

ఈరమ్మ పోయింది.

కప్పు మీద మిరప మొక్కలకు నీళ్లు పోయడానికి వెళ్లి అక్కడే పడిపోయిందట. మోసుకొచ్చేలోగా అయిపోయింది. నాకు కబురు చెప్పింది మద్దిలేటి. చెప్పి, ఫోను పెట్టకుండా అలాగే ఉన్నాడు.

"మే."

"చెప్పు."

"ఈరమ్మకు గూడనా?"

ఆయన ఫోను పెట్టేశాడు.

లిఫ్టు ముప్పై ఆరు దగ్గర ఆగింది. ఎర్రబల్బు వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది. నేను చేతులు కట్టుకుని బోర్డు ముందు నిలబడ్డాను. బ్లోయరు హోరుమంటూనే ఉంది. ఆ హోరు కింద కదిరప్ప పెళ్లాం చెవిలో నోరు పెట్టి అరుస్తున్నాడని తెలుసు. వెలిగీ ఆరీ, వెలిగీ ఆరీ, చివరికి ఆ బల్బు ఊరుకుంది. లిఫ్టు కిందికి దిగిపోయింది.

ఈరమ్మ అంటే నాకు ఇష్టం. ఈ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు. ఎప్పుడూ తిట్టాను, అంతే.

రోహిణి కార్తె, చివరి వారం

నాతో ఎవరూ మాట్లాడటం లేదు. నీళ్ల దగ్గరికి నేను వెళితే వరస విడిపోతుంది. తలుపు మీది రేకుకు ఎవరో పేడ కొట్టారు. కడిగాను.

పోయినవాళ్లను మాత్రం పంపుతూనే ఉన్నారు. లిఫ్టు ఆగుతుంది, బల్బు వెలుగుతుంది, నేను ఆపను, లిఫ్టు కదులుతుంది. వారంగా అదే తంతు. ఈ మధ్య బల్బు ఒక్కసారే వెలుగుతోంది. మొక్కుబడికి.

మద్దిలేటి ఇంట్లో కూడా తక్కువ మాట్లాడుతున్నాడు. ఇవాళ నేనే అడిగాను, కదిరప్ప ఎలా ఉన్నాడని.

"ఏడ్వలా" అన్నాడు. "ఇంగా ఏడ్వలా. లిఫ్టెక్కినప్పుడల్లా అదే మాట. 'బావా, ఈరమ్మ నోరు కదిలినట్టు లేదూ నీకు?' అంటాడు. నాకు కదిలినట్టు లేదు. అయినా కదల్లేదని గట్టిగా చెప్పేకి నాకు నోరు రాలా."

"చెప్పాల్సింది."

"నువ్వు చెప్పుపో."

వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

మృగశిర కార్తె, మొదటి రోజు

మృగశిర వచ్చింది. చల్లబడాలి. చల్లబడలేదు. గది వేడి ముప్పై తొమ్మిదిన్నర.

మద్దిలేటికి రెండు రోజులుగా ఒంట్లో బాగా లేదు. నీళ్ల క్యాన్లు దించుతూ ఛాతీ పట్టుకుని లిఫ్టులోనే కూర్చుండిపోయాడట. ఆసుపత్రికి తీసుకుపోతే, గుండె వాచింది, మందు లేదు, పడుకోబెట్టు అన్నారు. లిఫ్టు గది పక్కనే మా ఇల్లు. నేను యంత్రానికీ ఆయనకూ మధ్య తిరుగుతున్నాను. డబ్బాలో మనిషి లేకపోతే లిఫ్టును పైనుంచి తనిఖీ బటనుతో నడపాలి. బటను మీద వేలు నొక్కి ఉంచినంతసేపే కదులుతుంది, వేలు తీస్తే నిలబడుతుంది. నీళ్లన్నీ అలాగే ఎక్కించాను.

మధ్యలో వచ్చి తడిగుడ్డ మారుస్తుంటే కళ్లు తెరిచాడు.

"మే సుంకులమ్మా. నేను పోతే పిలుస్తావా?"

"బతికుండంగ పిలిస్తేనే పలకవు. సచ్చినాక పలుకుతావా?"

నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక నా చెయ్యి పట్టుకుని, "పిలిచి సూడరాదా" అన్నాడు.

అది వేళాకోళమో నిజంగా అడగడమో నాకు తెలియలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన వేళాకోళమేదో నిజమేదో నాకు ఎప్పుడూ తెలియలేదు. మంచినీళ్లు తాగించి మళ్లీ బటను దగ్గరికి వచ్చాను. నీళ్లు ఎక్కించి తిరిగి వెళ్లేసరికి ఆయన లేడు.

మృగశిర కార్తె, రెండో రోజు

రాయాలి. రాస్తాను.

మాకు పిల్లలు లేరు. పిలవాల్సింది నేనే. కానీ లిఫ్టు నడపాల్సిందీ నేనే. యంత్రం తిరుగుతుండగా, మెయిన్ కనపడేంత దూరంలో పని తెలిసిన మనిషి ఉండి తీరాలి. అలాంటి మనిషి నేను తప్ప ఇప్పుడు ఈ టవరులో ఎవరూ లేరు. అందుకని నా మొగుణ్ణి నేనే నా వేలితో కిందికి దించాలి, ఆయన వెంట వెళ్లకుండా.

పాడె మోయడానికి ఎవరొస్తారా అనుకున్నాను. కదిరప్ప వచ్చాడు. కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. నాతో ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. మద్దిలేటి కాళ్ల దగ్గర పట్టుకుని లేపాడు. లిఫ్టు తలుపు మూసుకునే ముందు మాత్రం, "ముప్పై ఆరు కాడ నిలుపు అక్కా" అన్నాడు.

బటను నొక్కాను. తాళ్లు కదిలాయి. ఒక్కో అంతస్తు అంకె మారుతుంటే వేలు నొప్పి పుట్టింది, ఇంకో వేలితో నొక్కాను. ముప్పై ఆరు వచ్చింది. వేలు తీశాను.

ఎర్రబల్బు వెలిగింది.

మెయిన్ పిడి నా చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. చెయ్యి చాపాను. పిడి పట్టుకున్నాను. లాగితే చాలు, బ్లోయరు నిలిచిపోతుంది, ఫోనులో ఆయన్ను పిలవచ్చు, ఒకవేళ ఏదైనా వినపడితే వినచ్చు. ఒక్కసారికి ఏం కాదులే అనుకున్నాను. మొన్న అతుక్కుంది కదా, ఇవాళా అతుక్కుంటుంది అనుకున్నాను. నల్లమల టవరులో కూడా ఎవరో ఒకరు ఇలాగే అనుకుని ఉంటారు. తిమ్మక్కకు నెలలు నిండాయి. ఈరమ్మకు ఆపని చేత్తో నా మొగుడికి ఎలా ఆపుతాను? ఏడుపు ముంచుకొచ్చింది. పిడి వదిలేశాను.

ఫోను తీసి, నోటికి ఆనించుకుని అరిచాను. "మద్దిలేటీ!" పెళ్లయ్యాక ఆయన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. మూడుసార్లు పిలిచాను. ఫోను చెవికి పెట్టుకున్నాను. బ్లోయరు హోరు తప్ప ఏమీ లేదు. చెవికి ఎంత గట్టిగా నొక్కుకున్నా అదే హోరు. బల్బు ఆరింది.

బటను నొక్కి ఆయన్ను కిందికి పంపేశాను.

ఆరుద్ర కార్తె, మొదటి వారం

గది వేడి ముప్పై ఏడు. ఆరుద్రలో రెండు చినుకులు పడ్డాయి. గోడలు బుస్సుమన్నాయి.

తిమ్మక్కకు నొప్పులు వచ్చాయి. పగటిపూట, మెట్లు సలసల కాగే వేళ. డెబ్బై నుంచి ఆరుకు ఒక్క బిగిన దించాను, ఎక్కడా ఆపకుండా. చాలాసేపటికి ఆసుపత్రి నుంచి కదిరప్ప కొడుకు ఫోను చేశాడు. ఏం చెప్పాడో హోరులో వినపడలేదు. సంతోషంగా అరుస్తున్నాడో ఏడుస్తున్నాడో తేల్చుకోలేక చచ్చాను. తర్వాత డబ్బా పైకి వస్తే నర్సమ్మ చెప్పింది. కడుపు కోసి తీశారట. ఆడపిల్ల. తల్లీ పిల్లా ఇద్దరూ బతికారు.

బిళ్లలు చూశాను. అతుక్కునే ఉన్నాయి.

ఆరుద్ర కార్తె, చివరి వారం

అరవై ఒకటిలో ఒకతను పోయాడు. వాళ్లు ముప్పై ఆరు దగ్గర ఆపమని కూడా అడగలేదు. నేరుగా అడుగుకు పంపేశారు. సుంకులమ్మ తన మొగుడికే ఆపలేదు, మనకేం ఆపుతుంది అనుకున్నారట. నేను కోరింది ఇదే కదా. పిలుపు మాన్పించాను. ఇక ఈ టవరులో ఎవరినీ ఎవరూ పిలవరు. నన్ను కూడా.

ఇవాళ సాయంత్రం తలుపు చప్పుడైతే తీశాను. కదిరప్ప. మనవరాలు పుట్టిందని చేసిన వెల్లుల్లి కారం ఆకు దొన్నెలో పట్టుకుని వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"పిల్లకు ఈరమ్మ పేరే పెట్టినాము" అన్నాడు.

మంచిపని చేశారన్నాను. ఆయన వెళ్లడు, నేను తలుపు వేయను. చివరికి నోరు పెగుల్చుకుని అడిగాను.

"నేను ఫోన్లో పిలిస్తి. మీకు ఇనపడెనా కదిరప్పా?"

"ఫోను తీగ లాగి బావ చెవికాడ పెట్టినా అక్కా. నీ గొంతు మాదిరే ఉండె. మూడుతూర్లు వచ్చె. నేను గూడ పిలిస్తి. బావా, మద్దిలేటి బావా అని. పిల్చి, నోటికాడ చెవి పెట్టి సూస్తి."

"పలికినాడా?" ఏ మాట అడిగినవాళ్లనల్లా వెక్కిరించానో, ఆ మాటే అడిగాను.

కదిరప్ప నా మొహంలోకి చూశాడు. లేదక్కా, పలకలేదు అని అంటాడని ఎదురు చూశాను. అబద్ధమైనా సరే, ఆ మాట అంటే ఈ రాత్రికి నిద్ర పట్టేది.

"ఏమో అక్కా" అన్నాడు. "ఆ హోరులో నాకేం ఇనపడలా. మా ఈరమ్మ పలికిందో లేదో గూడ నాకు ఇంతవరకూ తెల్దు."

దొన్నె గడప మీద పెట్టాడు. పెట్టి, అక్కడే కూలబడి, కొంగు లేని ఆడమనిషిలా రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. ఇన్నాళ్లకు ఏడ్చాడు. బ్లోయరు హోరులో ఆ ఏడుపు నాకు కనపడిందే గానీ వినపడలేదు.